మూడో లైనులో లేని మైనస్

డ్రాయింగు మాస్టారినీ ఆయన కూతురినీ పోయిన వారం కాలేజీ వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాం. వాళ్ళింకా అక్కడే ఉన్నారు. చేతిలో పదిహేడో నంబరు చీటీ, ఒళ్ళో గుడ్డసంచి, ఎదురుగా మూసిన తలుపు. పొద్దున పది గంటలకు కొత్తగా చేరే పిల్లలందరికీ గంటసేపు ఫిజిక్స్ పరీక్ష పెట్టారు. పిల్ల రాసి వచ్చింది. ఆ పిల్లను ఇంటా బయటా ఉడత అనే పిలుస్తారు, ఒకచోట రెండు నిమిషాలు కుదురుగా కూర్చోదు కాబట్టి. ఈ వేళ మాత్రం పరీక్ష రాసి వచ్చి కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది.

తలుపు వెనక తేలవలసింది ఒకటే. ఈ కాలేజీలో మొదటి ఏడాది ఫిజిక్స్ మూడు రకాలు. అందులో ఏది కావాలో కాగితం మీద గుర్తుపెట్టి, లోపలున్న ఫిజిక్స్ మేడమ్ చేతా కన్నవాళ్ళ చేతా సంతకాలు చేయించి, సాయంత్రం నాలుగు గంటల లోపల కింద కిటికీలో ఇవ్వాలి. కిటికీ తలుపు పడిందంటే ఈ ఏటికి చదువు లేనట్టే.

మూడూ ఫిజిక్సే అయినప్పుడు గొడవేమిటని మాస్టారు పొద్దున్నే అటెండరును అడిగారు. తలుపు పక్క స్టూలు మీద కూర్చున్న అటెండరు వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పి చెప్పి ఆ మాటలను నున్నగా అరగదీసి పెట్టుకున్నాడు.

"మొదటిది ఎక్కేవాళ్ళకి సార్. రెండోది దాటేవాళ్ళకి. మూడోది కూర్చునేవాళ్ళకి. నేను ముప్పయ్యేళ్ళ నుంచీ మూడో రకమే."

తరవాత వివరంగానే చెప్పాడు. మొదటిదాన్ని పిల్లలు పెద్ద ఫిజిక్స్ అంటారు. అందులో కాలిక్యులస్ లేనిదే అడుగు పడదు. దాని మీదుగా వెళితేనే ఇంజినీరో, ఫిజిక్స్ చెప్పే మాస్టారో కావచ్చు. రెండోది నడిమి ఫిజిక్స్. మామూలు లెక్కలు వస్తే చాలు. మందుల షాపులకూ, ఆస్పత్రి పనులకూ, వ్యవసాయం చదువుకూ పోయేవాళ్ళు దాన్ని పట్టుకుంటారు. మూడోది మాటల ఫిజిక్స్. ఇంద్రధనుస్సు ఎందుకు వస్తుంది, రైలు దూరమవుతుంటే కూత ఎందుకు మారుతుంది, ఇలాంటివి కథల్లా చెప్తారు. వినడానికి బాగుంటుంది, ఎక్కడికీ తీసుకుపోదు. నడిమిది పట్టుకున్నవాడు పెద్దదాంట్లోకి ఎక్కలేడు. పెద్దదాంట్లో మొదటి ఆరు నెలలూ తప్పినవాణ్ణి నడిమిదాంట్లోకి కూడా రానివ్వరు. హాస్టలు గది ఖాళీ చేయించి పంపిస్తారు.

"అంటే మెట్లున్నాయి గానీ దిగడానికి లేవన్నమాట," అన్నారు మాస్టారు.

"దిగడం ఉంది సార్. దొర్లడమే అది," అన్నాడు అటెండరు.

ఉడత కాగితం మీద మొదటి గడిలో అప్పటికే గుర్తు పెట్టేసింది. పెన్సిలుతో కాదు, పెన్నుతో.

మూడుంబావుకు పదిహేడో నంబరు పిలిచారు.

గది చిన్నది. బల్ల నిండా పొద్దుటి పరీక్ష కాగితాలు. గోడకు కాంతి కిరణాల పటం ఒకటి వేలాడుతోంది. గాజు పట్టకం బొమ్మలో నీడ తప్పు వైపున పడిందని మాస్టారి కన్ను గుమ్మంలోనే పట్టేసింది. ఇరవై ఆరేళ్ళుగా బొమ్మలు దిద్దిన కన్ను, దాని పని అది చేసుకుపోతుంది. మేడమ్‌కు యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు ముక్కు మీదకు జారితే వేలితో కాక పెన్ను వెనకవైపుతో పైకి తోసుకుంటోంది. మాస్టారిని చూసి లేవబోయి, కూర్చోమని, నాన్నగారా అని అడిగింది. ఆయన తల ఊపారు. ఏం చేస్తారని అడగలేదు. పంచె అంచున ఎర్రమట్టీ, చేతిలో గుడ్డసంచీ చూసి రైతనుకుంది కాబోలు. మాస్టారూ చెప్పలేదు. అడగనిదే చెప్పడం ఆయన అలవాటు కాదు. ఆ అలవాటు అంత బరువైనదని అప్పటికి ఆయనకు తెలియదు.

ఆవిడ ఉడత జవాబు కాగితం తీసి బల్ల మీద పరిచింది. మాస్టారు ఓరగా చూశారు. ముత్యాల్లాంటి రాత. స్ప్రింగుకు కట్టిన గుండు ఎలా ఊగుతుందో రాబట్టమన్న ప్రశ్న అది. బొమ్మ స్కేలుతో గీసినంత తిన్నగా ఉంది, చుట్టలు పదీ ఒక్క కొలతలో ఉన్నాయి. దాని దిగువన లైను కింద లైను, సమానం గుర్తులన్నీ ఒకే నిలువులో. ఆయన ఛాతీ కొంచెం విచ్చుకుంది. అది తను నేర్పిన పొందిక.

ఎందుకు విచ్చుకుందో వెనకటి భాగాలు చదవనివారికి ఒక్క మాట చెప్పాలి. ఆయన ఊరి బడిలో డ్రాయింగు మాస్టారు. పదకొండేళ్ళ కింద ఫిజిక్స్ మాస్టారు బదిలీ అయిపోయాడు, ఆ కుర్చీలోకి ఇంకొకరు రాలేదు. హెడ్మాస్టరు ఈయన్ను పిలిచి, ఫిజిక్స్‌లో సగం బొమ్మలే కదా, బొమ్మలు వేసే చెయ్యి మీది, మాటలు కూడా మీరే చెప్పేయండి అన్నాడు. నాకు రాదు అనే మాట ఆయన నోటిదాకా వచ్చి, బెంచీల మీద ఊరికే కూర్చున్న పిల్లల్ని చూసి ఆగిపోయింది. వెళ్ళినాయన వదిలిపోయిన నోట్సు దగ్గర పెట్టుకున్నారు. అందులో ఉన్నది ఉన్నట్టు బోర్డు మీద దింపడం మొదలుపెట్టారు. అర్థం కాని గుర్తులను బొమ్మలుగా నేర్పారు. కాలిక్యులస్‌లో వచ్చే పొడుగాటి గుర్తును కొక్కెం అన్నారు. కొక్కేనికి మెడ సన్నగా సాగాలర్రా, పొట్ట రాకూడదు అనేవారు. చేతికి వస్తే తలకు అదే వస్తుందని పిల్లలకు చెప్పారు, తానూ నమ్మారు. పిల్లలు నమ్మారు. పెద్ద పరీక్షల్లో దిద్దేవాళ్ళు చివరి లైను చూసి మార్కులు వేశారు. బడికి పేరొచ్చింది. ఆయన్ను డ్రాయింగు మాస్టారూ అని పిలవడం ఊళ్ళో చాలామంది మానేశారు కూడా.

"ఎంత బాగా రాశావమ్మా," అంది మేడమ్. మెచ్చుకోలులా లేదు. "ఇది మొదటి లైను. స్ప్రింగు లాగే బలం. దీని ముందు మైనస్ ఉంది. రెండో లైనులోనూ ఉంది. మూడో లైనులో లేదు. నాలుగో లైనుకు మళ్ళీ వచ్చేసింది. మధ్యలో ఎక్కడికి వెళ్ళొచ్చింది?"

ఉడత కాగితం వంక చూసింది. మాస్టారూ చూశారు. నిజమే. మూడో లైను మొదట్లో ఖాళీ. ఆ ఖాళీని ఆయన ఎప్పుడూ ఖాళీ అనుకోలేదు. ఆ లైను కొంచెం లోపలికి జరిగి మొదలవుతుంది, అది దాని అందం అనుకున్నారు.

తొందరలో మరిచిపోయానంది ఉడత.

మేడమ్ సొరుగు లాగి పాత అట్ట ఫైలు ఒకటి తీసింది. తాడు విప్పి లోపలి కాగితాలను ఒక్కొక్కటిగా ఉడత కాగితం పక్కన పేర్చుకుంటూ పోయింది. ఆరు కాగితాలు. ఆరు రకాల చేతిరాతలు, ఆరు వేరు వేరు ఏళ్ళు. ఆరింట్లోనూ అదే స్ప్రింగు, అవే పది చుట్టలు, అదే పొందిక. ఆరింట్లోనూ మూడో లైను కాస్త లోపలికి జరిగి, మైనస్ లేకుండా మొదలవుతోంది.

"తొందరలో ఒకరు మరిచిపోతారు. ఏడుగురు ఒకేచోట మరిచిపోరు," అంది. అంతా ఒకే బడి నుంచి వచ్చినవాళ్ళని చెప్పింది. మొదటిసారి చూసినప్పుడు తొందరపాటు అనుకున్నానంది. రెండో ఏడు వచ్చినప్పుడు కాపీ అనుకుని నవ్వుకున్నానంది. మూడో ఏడు పాతవి కూడా వెతికి తీసి, అప్పటి నుంచి దాచిపెడుతున్నానంది. ఈ ఆరుగురిలో ఐదుగురు పెద్ద ఫిజిక్సే పట్టుకున్నారనీ, ఐదుగురూ తప్పారనీ, ఆరో పిల్ల మొదటి వారంలోనే ఎవరికీ చెప్పకుండా పెట్టె సర్దుకుని వెళ్ళిపోయిందనీ లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని మాస్టారికి అనిపించింది.

ఆ ఆరుగురూ ఆయనకు తెలుసు. రాతలు చూసి పేరుపేరునా చెప్పగలరు. వెళ్ళిపోయిన పిల్ల చేతిరాత అన్నిటికంటే గుండ్రంగా ఉంటుంది. ఆ పిల్లకు చదువు మీద మనసు పుట్టలేదని ఊళ్ళో అనుకున్నారు. ఆయనా అనుకున్నారు.

మేడమ్ కిటికీ దగ్గరున్న కొక్కేనికి నిజం స్ప్రింగు ఒకటి తగిలించి, చివర చిన్న గుండు కట్టింది. కిందికి లాగి పట్టుకుంది.

"నువ్వు రాసిన మూడో లైను ఒక్కటే నిజమనుకో. నేనిప్పుడు వదిలేస్తే ఈ గుండు ఎటు పోవాలి?"

ఉడత గుండు వంక చూసింది, కాగితం వంక చూసింది.  మాస్టారికి కూతురి మెడ మీద నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. జవాబు అందించాలంటే ఆయన దగ్గర లేదు. పదకొండేళ్ళుగా ఆ బొమ్మ వేశారు. ఆ గుండు ఎటు పోతుందని ఒక్కరోజూ అనుకోలేదు. బొమ్మలో అది ఎటూ పోదు.

పిల్ల గుండు మీంచి చూపు తిప్పకుండా నెమ్మదిగా అంది. "కిందికే పోవాలి మేడమ్. ఎంత కిందికి పోతే అంత గట్టిగా ఇంకా కిందికి."

"వెనక్కి రాదా?"

"రాదు. వెనక్కి లాగడమే ఆ మైనస్."

మేడమ్ గుండు వదిలింది. అది పైకి లేచి, కిందికి దిగి, మళ్ళీ లేచింది. ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. మాస్టారి కళ్ళ ముందు ఒక తెర పక్కకు జరిగినట్టయింది. మైనస్ అంటే వెనక్కి అని. అంతేనా అనిపించింది. ఇంత చిన్న మాటా అనిపించింది. ఇంత చిన్న మాటను ఎవరైనా ముందే చెప్పి ఉంటే పిల్లలందరికీ ఎంత బాగా చెప్పేవారు తను. చేతులు ఊపి చూపించేవారు.

దాంతో పాటే ఇంకోటీ గుర్తొచ్చింది, అది రాకుండా ఉంటే బాగుండేది. బోర్డు. బడిలో నల్లబల్లకు ఎడమపక్క, భుజమెత్తున, కర్ర పుచ్చిపోతే రేకు ముక్క కొట్టి నల్లరంగు పూశారు. చాక్‌పీసు దాని మీద జారుతుంది, గీత పడదు. డ్రాయింగు చెయ్యి కాబట్టి ఆయన ఏ పాఠమైనా ఏటేటా అదే కొలతలో, అదే చోట రాస్తారు. స్ప్రింగు పాఠంలో మూడో లైను మొదలు సరిగ్గా రేకు మీదికి వస్తుంది. మొదటి ఏళ్ళలో ఆయన చెయ్యి మైనస్ గీసే ఉంటుంది, రేకు దాన్ని పట్టుకుని ఉండదు. పిల్లలు కనిపించిందే దింపుకున్నారు. తరవాత పాత నోట్సుకు చెదలు పట్టింది. ఆ ఏడు క్లాసులో మొదటి పిల్లాడి పుస్తకం తీసుకుని దాన్నుంచి శుభ్రంగా కొత్త నోట్సు రాసుకున్నారు. అప్పటి నుంచి ఆయన చెయ్యి కూడా దాన్ని గీయడం మానేసింది.

చొక్కా జేబులో చాక్‌పీసు ముక్క ఒకటి ఉంది, సెలవు రోజుల్లో కూడా ఉంటుంది. దాన్ని వేళ్ళతో నొక్కుతూ కూర్చున్నారు.

మేడమ్ మెత్తబడింది. తెలివైనదానివి, అర నిమిషంలో పట్టుకున్నావంది. కానీ ఆ తరగతిలో అర నిమిషం ఎవరూ ఇవ్వరనీ, మొదటి రోజే ఇలాంటివి పది వస్తాయనీ, రెండేళ్ళు చదివి రావలసిన కాలిక్యులస్‌ను ఉడత చదవలేదనీ, చూసి గీసిందనీ చెప్పింది. నడిమి ఫిజిక్స్ తీసుకో, బాగా పైకొస్తావు, మంచి ఉద్యోగం వస్తుంది అంది. మాటల్లో కల్మషం లేదు. ఊళ్ళో ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు మంచీచెడ్డా చెప్పే పెద్దముత్తయిదువలా ఉంది. అలాంటి మంచి మాటకు ఎదురు చెప్పడమే కష్టం.

"నాకు పెద్దదే కావాలి మేడమ్."

"ఎందుకమ్మా అంత పట్టు?"

ఉడత తండ్రి వైపు చూడలేదు. చూడకూడదని మెడ బిగబట్టుకుంది. "మా బడికి పదకొండేళ్ళుగా ఫిజిక్స్ మాస్టారు లేరు. నేను చదువుకుని వెళ్తాను."

లేరు అంది. ఆ మాట మాస్టారి చెవిలో పడి, లోపలికి వెళ్ళడానికి కొంత సమయం పట్టింది. పదకొండేళ్ళలో ఐదేళ్ళు ఆ పిల్ల తన ఎదుటి బెంచీలోనే కూర్చుంది. ప్రశ్న అడగలేదు. ఇంట్లో అన్నం తింటూ కూడా ఒక్కసారి అడగలేదు. అడిగితే నాన్న దగ్గర జవాబు ఉండదని తెలిసే అడగలేదన్నమాట. అందరికంటే ముందు తెలిసినది దీనికే. తెలిసి దాచిపెట్టింది, ఇంట్లో పగిలిన అద్దాన్ని బీరువా వెనక పెట్టినట్టు.

మేడమ్ కళ్ళజోడు పైకి తోసుకుంది. "లేకపోతే మీకు ఫిజిక్స్ ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చూసి రాసుకున్నాం."

"ఎవరిది చూసి?"

"ముందు చదివినవాళ్ళ పుస్తకాలు."

"వాళ్ళు?"

"వాళ్ళ ముందువాళ్ళవి."

అబద్ధం ఇంత తిన్నగా చెప్పగలదని ఆయనకు తెలియదు. పూర్తిగా అబద్ధమూ కాదది. ఇప్పుడు నోరు విప్పాలి అనుకున్నారు. విప్పితే కూతురు ఇంతసేపూ అబద్ధం చెప్పినట్టు తేలుతుంది. చెప్పించుకున్న తండ్రి పక్కనే కూర్చుని విన్నట్టు కూడా తేలుతుంది. విప్పకపోతే ఆ అట్టలో ఎనిమిదో కాగితం చేరడానికి చోటుంది. రెండు వైపులా గోడే. ఆయన గోడ మీది పటంలో తప్పు నీడ వంక చూస్తూ ఉండిపోయారు.

మేడమ్ వాదన పెంచలేదు. బెల్లు నొక్కి, ల్యాబు కుర్రాణ్ణి పిలవమని అటెండరుకు చెప్పింది. నా మాట వినకపోతే మీ ఊరివాడి మాటే విను అంది ఉడతతో. ఆ ఐదుగురిలో ఒకడు ఇంటికి పోవడానికి మొహం చెల్లక ఇక్కడే ల్యాబులో సామాను కడిగే పనిలో చేరాడట. నాలుగేళ్ళయిందట.

వాడు స్ప్రింగుల ట్రే పట్టుకుని వచ్చాడు. గుమ్మం తలకు తగలకుండా వంగి వచ్చాడు. నిచ్చెన. ఆ పేరు పెట్టింది మాస్టారే, బోర్డు పైభాగం తుడవడానికి వాణ్ణే లేపేవారు. పట్నంలో పెద్ద చదువు చదువుతున్నాడని వాళ్ళమ్మ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటుంది. పండగలకు కూడా రాకపోతే చదువు ఒత్తిడి అంటుంది.

నిచ్చెన మాస్టారిని చూశాడు. ట్రేలో స్ప్రింగులు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేశాయి. ట్రే బల్ల మీద పెట్టి, తనకు తెలియకుండానే మెడ కింద చొక్కా బొత్తాం పెట్టుకున్నాడు. పై బొత్తాం పెట్టుకోనివాణ్ణి మాస్టారు క్లాసులోకి రానిచ్చేవారు కాదు.

ఈ అమ్మాయి మీ బడి నుంచే వచ్చింది, పెద్ద ఫిజిక్స్ అంటోంది, ఏమైందో చెప్పు అంది మేడమ్.

నిచ్చెన నేలను చూస్తూ చెప్పాడు. "మొదటి వారం అంతా తెలిసినట్టే ఉంటుంది చెల్లెమ్మా. గుర్తులన్నీ తెలిసినవే. అందరికంటే నీట్‌గా రాసేది నేనే. రెండో వారం సారు ఒక లెక్క తిప్పి ఇచ్చాడు. మనకు వచ్చిన బొమ్మ కాదది. పక్కవాళ్ళు రాస్తున్నారు. నేను స్ప్రింగు బొమ్మ వేసి కూర్చున్నా. చాలా బాగా వచ్చింది బొమ్మ."

నవ్వడానికి ప్రయత్నించాడు. ఎవరూ నవ్వలేదు.

"మీకు ఫిజిక్స్ చెప్పిందెవరు?" అంది మేడమ్. "ఈ అమ్మాయి ఎవరూ లేరంటోంది. నిన్ను అడుగుదామని ఎన్నిసార్లు అనుకున్నానో."

నిచ్చెన తల ఎత్తాడు. ఎత్తి, సరిగ్గా మాస్టారి కళ్ళలోకి చూశాడు. అందులో కోపం ఉంటే ఆయన తట్టుకోగలిగేవారు. ఉన్నది కోపం కాదు. బెంచీ కింద దొరికిన చాక్‌పీసు తెచ్చి ఇచ్చేటప్పుడు చిన్నప్పుడు ఎలా చూసేవాడో అలాగే ఉంది.

"గుర్తులేదు మేడమ్," అన్నాడు.

ఇద్దరు పిల్లలు. ఒకరితో ఒకరు ముందుగా అనుకోలేదు, కూడబలుక్కోలేదు. చెరో పక్కా నిలబడి ఆయన్ను కాపాడుతున్నారు. ముసలాణ్ణి రోడ్డు దాటించినట్టు. వానలో గొడుగు పట్టినట్టు.  

టైము నాలుగుకు ఇరవై నిమిషాలు తక్కువ. కింద కిటికీ దగ్గర జనం పలచబడ్డారని అటెండరు తలుపు సందులోంచి చెప్పాడు. ఉడత కాగితాన్ని మేడమ్ ముందుకు జరిపింది. మేడమ్ దాన్ని మాస్టారి ముందుకు జరిపింది.

"మీరే చెప్పండి నాన్నగారూ. చదువు ఆ అమ్మాయిది, సంతకం మీది. నడిమిది అంటే గడి కొట్టేసి మార్చండి, నేను పక్కన సంతకం పెడతాను. పెద్దదే అంటే పెద్దదానికే పెడతాను. కానీ తెలిసి పెట్టండి. ఇప్పుడు ఇదంతా విన్నారు కదా."

విన్నారు. విన్నంత మాత్రాన ఏం చేయగలరు. నడిమిదంటే కూతురి కోరికను తన చేత్తో కొట్టేయాలి. ఆ బడి కుర్చీలో ఇంకో పదకొండేళ్ళు తనే కూర్చోవాలి. పెద్దదంటే ఆరు నెలల తరవాత ఈ పిల్ల కూడా ఇంకో ట్రే పట్టుకుని ఇదే గుమ్మంలోంచి రావచ్చు. ఏది మంచిదో చెప్పాలంటే ఫిజిక్స్ తెలియాలి. తెలిసిన మాస్టారు లేడు.

"పెట్టు నాన్నా," అంది ఉడత మెల్లగా. "నేను చూసుకుంటాను."

ఆయన పెన్ను తీసుకున్నారు. కాగితం చివర మూడు గీతలున్నాయి. తండ్రి లేదా సంరక్షకుడి పేరు. వృత్తి. సంతకం. పేరు రాశారు. అక్షరాలు అచ్చులో పోసినట్టు పడ్డాయి. ఎంత ఏడుపొచ్చినా ఆ చెయ్యి వంకర గీయదు. రెండో గీత మీదికి పెన్ను వెళ్ళేసరికి బల్ల కింద ఉడత పాదం వచ్చి ఆయన పాదం మీద నిలబడింది. గట్టిగా నొక్కింది.

"వ్యవసాయం అని రాయి నాన్నా," అంది, వినయంగా, మేడమ్‌కు వినబడేటట్టు.

నిచ్చెన ట్రే తీసుకుని వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

మాస్టారు పెన్ను దించలేదు. ఆ గీత మీద ఏం రాస్తే కూతురికి మేలో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఒక్కటే తెలుసు. ఈ గదిలో ఇంతసేపూ నోరున్న ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చెప్పారు, తప్పు చేసినవాడు తప్ప. పిల్ల పాదం ఇంకా నొక్కుతూనే ఉంది. ఆయన రాశారు. ఉపాధ్యాయుడు అని రాశారు. పక్కనే బడి పేరు, చిన్న అక్షరాలతో, గీత దాటకుండా. సంతకం కూడా చేసి, కాగితం తిప్పి, రెండు చేతులతో మేడమ్ ముందు పెట్టారు.

ఉడత పాదం తీసేసింది.

మేడమ్ చదివింది. పెన్ను వెనకతో కళ్ళజోడు తోసుకుని మళ్ళీ చదివింది. బడి పేరు దగ్గర ఆగి, పక్కనున్న ఏడు కాగితాల వంకా, గుమ్మంలో నిలబడ్డ నిచ్చెన బొత్తాం వంకా, ఉడత వంకా చూసింది. చివరికి మాస్టారి వంక చూసింది. ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నారు. తిట్టించుకోవడానికి సిద్ధంగా ఉన్న మనిషికి ఎంత నిబ్బరం ఉంటుందో అంత నిబ్బరంగా ఉన్నారు.

"ఈయన డ్రాయింగు మాస్టారు మేడమ్," అన్నాడు నిచ్చెన గుమ్మంలోంచి. "వేరే ఎవరూ రాలేదు. ఈయన మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు."

ఆ మాట తనకు అనుకూలమో ప్రతికూలమో మాస్టారికి తెలియలేదు. మానకుండా చెప్పినందుకే కదా ఇదంతా.

మేడమ్ తిట్టలేదు. ఉడత కాగితాన్ని దగ్గరికి తీసుకుంది, సంతకం పెట్టలేదు. దాని మీద ఎడమ అరచెయ్యి బోర్లించింది. ఆమె గొంతు ఇంతకుముందు లేనంత నెమ్మదిగా వచ్చింది.

"మాస్టారూ, ఇప్పుడు మీ క్లాసులో ఎంతమంది ఉన్నారు?"

ఆయన మనసులో బెంచీల వారీగా చూసుకున్నారు. కిటికీ పక్క వరస, గోడ పక్క వరస, వెనక కింద కూర్చునేవాళ్ళు.

"ఇరవై ఇద్దరమ్మా."

"స్ప్రింగు పాఠం అయిపోయిందా?"

"పోయిన వారమే అయింది. పిల్లలకు చేతికి వచ్చేసింది కూడా."

 గోడ గడియారంలో నాలుగుకు తొమ్మిది నిమిషాలు తక్కువ. కింద కిటికీ తలుపు ఒకటి అప్పుడే మూసిన చప్పుడు వినిపించింది, రెండోది ఇంకా మూయలేదు. ఆవిడ కుడిచేత్తో బల్ల చివర ఉన్న ఫోను దగ్గరికి లాక్కుని దాని మీద చెయ్యి పెట్టింది. పైవాళ్ళకు తన మీద ఫిర్యాదు చేస్తుందో, బడికి వేరే మాస్టారిని పంపమని అడుగుతుందో, ఆ ఇరవై ఇద్దరూ ఏమవుతారో అడిగే హక్కు తనకు లేదనిపించింది మాస్టారికి. ఒక చెయ్యి కూతురి కాగితం మీద ఉంది. ఒక చెయ్యి ఫోను మీద ఉంది. ఏ చెయ్యి ముందు లేస్తుందా అని ఆయన చూస్తూ కూర్చున్నారు.